పేరు తీసేస్తే ఎవరివో తెలియని రాతలు

2027లో గోదావరికి పుష్కరాలు. లాడ్జీ మొదలు మిఠాయి దుకాణం దాకా అందరూ వెబ్‌సైట్ల వైపు చూసే కాలం. అందులో పెట్టే మాటల్ని గంపగుత్తగా కొనుక్కోవాలా, దగ్గర కూర్చోబెట్టుకుని రాయించుకోవాలా?

“నాణ్యతే మా ధ్యేయం. వినియోగదారుల సంతృప్తే మా లక్ష్యం. అనుభవజ్ఞులైన మా సిబ్బంది మీకు అత్యుత్తమ సేవలు అందించేందుకు ఎల్లవేళలా సిద్ధం.”

ఈ మూడు వాక్యాలు ఎవరివి? ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మేవారివా, కడియంలో మొక్కలు పెంచేవారివా, భీమవరంలో రొయ్యల మేత కంపెనీవా? ఎవరివైనా కావచ్చు. అమలాపురం కంటి ఆసుపత్రి పేరు కింద పెట్టినా అతుకుతాయి, తణుకు ట్రాక్టర్ల షోరూముకు పెట్టినా అతుకుతాయి. అందుకే వెబ్‌సైట్ తెరిచిన మనిషి వీటిని చదవడు. ధర ఎక్కడుందో చూస్తాడు, ఫోన్ నంబరు కోసం వెతుకుతాడు, తనకు కావలసిన సంగతి దొరక్కపోతే వెనక్కి వెళ్లి ఇంకో దుకాణం చూసుకుంటాడు.

వెబ్‌సైట్ పెట్టడం ఇప్పుడు మోయలేని ఖర్చేమీ కాదు. పేరు ఎంచుకోవడం, డిజైన్ చేయించడం, ఫొటోలు తీయించడం వరకూ యజమానులు దగ్గరుండి చూసుకుంటారు. రంగు నచ్చకపోతే పట్టుబట్టి మార్పిస్తారు. మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం “ఏదో ఒకటి పెట్టేయండి” అనేస్తారు. ఆ ఏదో ఒకటి రాసిపెట్టే పరిశ్రమ ప్రపంచమంతటా ఉంది. మాటకు ఇన్ని పైసలని లెక్క. రాసే మనిషి ఆ ఊరు చూడడు, ఆ సరుకు ముట్టుకోడు, యజమానితో పది నిమిషాలు మాట్లాడడు. అతన్ని అనడానికీ లేదు. రోజుకు వేల మాటలు రాస్తే తప్ప ఆ రేటుకు పూట గడవదు. ఇప్పుడా పని కృత్రిమ మేధ నిమిషంలో చేసిపెడుతోంది. డెల్టాలో తప్ప మరెక్కడా దొరకని సరుకు, ఎక్కడ పడితే అక్కడ దొరికే మాటల్లో మునిగిపోతోంది.

రాజమండ్రిలోనైనా రామచంద్రపురంలోనైనా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాసేవారి బల్ల పక్కన కాసేపు నిలబడితే మంచి రాతకు ఏం కావాలో తెలుస్తుంది. దస్తావేజులో చాలా భాగం మూసే. ఎన్నో ఏళ్లుగా అవే మాటలు, అవే ముగింపులు. షెడ్యూలు దగ్గరికి రాగానే మాత్రం లేఖరి ఆగి, ఎదుటివాళ్ల మొహంలోకి చూస్తాడు. సర్వే నంబరెంత? విస్తీర్ణమెంత? తూర్పున ఎవరి కొబ్బరితోట? దక్షిణాన ఉన్నది పంటబోదా, పుంతా? పక్క చేని హద్దులు తెచ్చి ఇందులో రాస్తే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. వ్యాపారం గురించి రాసే రాతకూ అలాంటి నాలుగు హద్దులుండాలి. ఏ ఊరు, ఎవరి చేతిపని, ఏది ఉంది, ఏది లేదు. అవి యజమానిని అడిగితే తప్ప తెలియవు.

కుండ మీద రేకు

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే ఆత్రేయపురం. ఈ ఊరి పూతరేకులకు ఖండఖండాంతరాల్లో గిరాకీ ఉంది. రేకు తీసే పద్ధతిని ఒక్కసారి దగ్గరగా చూసినవాళ్లు దాన్ని మరిచిపోలేరు.

బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పిండిని పల్చగా జారుగా కలుపుకుంటారు. పొయ్యి మీద నున్నటి కుండ బోర్లించి ఉంటుంది. దాని కడుపులోకి ఒక పక్క నుంచి ఎండు కొబ్బరాకులు తోస్తూ మంట పెడతారు. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండకు అంటుకుపోతుంది. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ అటు వెళ్లేసరికే ఇటు పొర ఆరిపోయి ఉంటుంది. వేళ్లతో అంచు లేపి తీస్తే గాలికి రెపరెపలాడే రేకు. తర్వాత దాన్ని తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెట్టడం వేరే పని. అదీ చేయి తిరిగినవాళ్లే చేయాలి. ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే పని.

ఇంత నేర్పును “సంప్రదాయ పద్ధతిలో, అత్యున్నత ప్రమాణాలతో తయారుచేసిన రుచికరమైన మిఠాయి” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎంత అన్యాయం! ఆ వాక్యం మైసూరుపాకుకూ సరిపోతుంది, బిస్కట్లకూ సరిపోతుంది. కొబ్బరాకుల మంట, బోర్లించిన కుండ, గుడ్డ లాగడం, ఈ మూడూ చెప్పిన పేజీని చదివితే అమెరికాలో పుట్టి పెరిగిన మనవడికి కూడా తాతగారి ఊరు కళ్లముందు కనిపిస్తుంది. ఆ మూడూ చెప్పడానికి అలంకారాలు అక్కర్లేదు. వెళ్లి చూసి రాస్తే చాలు.

చూసి రాయడం సగమే. కొనేవాడి ప్రశ్న వినడం మిగతా సగం. మిఠాయి దుకాణాలకు వచ్చే ఫోన్లు ఎలా ఉంటాయో ఎవరికి తెలియదు? “అమ్మాయి అమెరికా వెళ్తోందండీ, ఇవెన్నాళ్లు నిలవుంటాయి?” “మా నాన్నగారికి షుగరండీ, బెల్లంవి తినొచ్చా?” “పెళ్లికి కావాలి బాబూ, ముక్కలవకుండా హైదరాబాద్ వస్తాయా?” ఈ ప్రశ్నలకు జవాబులే ఆ దుకాణం రాయాల్సిన రాత. ఎన్ని రోజులు నిలవుంటాయో తయారుచేసినవారు చెప్పాలి. బెల్లంలోనూ చక్కెరే ఉంటుందని, షుగరున్నవారు డాక్టరును అడిగి తినడం మేలని దాచకుండా రాయాలి. ఏ నెయ్యి వాడతారో, పెట్టెలో ఎన్ని ఉంటాయో రాయాలి. ఎక్కడో కూర్చుని పైసల లెక్కన రాసే మనిషి వీటిలో దేనికీ జవాబు చెప్పలేడు. చెప్పినా అది అతని ఊహే అవుతుంది.

ఊహతో ఇంకో చిక్కుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం దాన్ని సాధించింది. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి, 2003 సెప్టెంబర్ 15 నుంచి అమల్లో ఉంది. గుర్తింపు ఉన్న పేరును సరుకు మీద వాడుకునే హక్కు చట్టప్రకారం నమోదైన అధీకృత వాడుకదారులదే. తప్పుడు గుర్తింపు తగిలించి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఎక్కడో తయారైన రేకుల పేజీలో, బాగుంటుంది కదా అని “భౌగోళిక గుర్తింపు పొందిన అసలైన ఆత్రేయపురం పూతరేకులు” అని ఒక వాక్యం పడేస్తే దాని బరువు ఇంత. రాసినవాడు మరుసటి రోజుకే ఆ దుకాణం పేరు మరిచిపోతాడు. జవాబు చెప్పుకోవాల్సింది యజమాని. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా విధించే అధికారం కూడా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

ఢాకా కథ ఉప్పాడకు

ఉప్పాడ జమ్దానీ చీర సంగతి చూడండి. పిఠాపురానికి దగ్గర్లో, సముద్రపు ఒడ్డున నేసే ఈ చీరలకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద పేక పోగుకు అదనంగా మరో పోగును చేత్తో చొప్పిస్తూ బుటా నేస్తారు. చీరను తిరగేసినా అడుగున పోగులు వేలాడవు, రెండు వైపులా బుటా ఒకేలా కనబడుతుంది. కొనేవాళ్లు మొదట చేయాల్సిన పరీక్ష అదే. మరమగ్గం నకళ్లు బజారును ముంచెత్తుతున్న రోజుల్లో ఆ ఒక్క వాక్యం నేతగాడి పొట్ట నిలబెట్టగలదు.

చౌక రాతలో జరిగేది వేరు. జమ్దానీ అని వెతికితే ముందుగా దొరికేది ఢాకా కథ. బంగ్లాదేశ్‌లోని ఆ నేతకు 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గౌరవాన్ని తెచ్చి ఉప్పాడ చీరకు అంటించడం ఒక్క వేలి పని. అలా చేస్తే ఢాకా నేతగాడికి అన్యాయం, కొన్న మనిషికి మోసం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఉప్పాడకే. తనకంటూ చెప్పుకోవడానికి ఇంత ఉన్నా, ఇంకొకరి గొప్పను అరువు తెచ్చుకున్న చీరగా మిగిలిపోతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం అల్లికల లేసుకూ ఇదే గండం పొంచి ఉంది. యూరప్ లేసుల చరిత్ర నెట్‌లో కావలసినంత దొరుకుతుంది. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో అరుగుల మీద కూర్చుని క్రోషా సూదితో అల్లే ఆడవాళ్ల పని గురించి తెలియాలంటే ఆ అరుగుల దాకా వెళ్లాలి.

కడియంలో ఈ గండం ఇంకో రూపంలో ఉంది. జాతీయ రహదారికి అటూ ఇటూ, కడియపులంక చుట్టూ పరుచుకున్న నర్సరీల నుంచి మొక్కలు లారీల కొద్దీ దేశమంతా వెళ్తాయి. ఒక్కో నర్సరీలో వందల రకాలు. ప్రతి మొక్కకూ ఒక పేజీ కావాలంటే ఓపిక పట్టి రాసేవాళ్లు దొరకరు కాబట్టి గంపగుత్త రాతకు ఆశపడటం సహజం. కానీ ఇంగ్లిష్‌లో మొక్కల సమాచారం ఎక్కువగా అమెరికా, బ్రిటన్ తోటలది. అక్కడి చలి, అక్కడి మంచు, అక్కడి నేల. “ఆఖరి మంచు కురిసిన తర్వాత నాటండి” అన్న సలహా చలిదేశానికి ప్రాణాధారం. గోదావరి ఒండ్రులో నాటేవాడికి, అనంతపురం ఎర్రనేలలో నాటేవాడికి దాంతో ఏం పని? ఆ రైతుకు కావలసింది మొక్క అంటుదా విత్తనానిదా, కవరు సైజెంత, ఎన్నేళ్ల మొక్క, లారీలో రెండు రోజులుంటే తట్టుకుంటుందా, నాటాక ఎన్నాళ్లకు కాపు వస్తుంది అన్నవి. ఇవన్నీ ఆ నర్సరీలో నీళ్లు పెట్టే మనిషికి నోటికొచ్చు. ఆయన్ని అడిగి రాసుకున్నవాళ్లు ఇప్పటికీ తక్కువే.

రోజుకు నాలుగు వేలు

గంపగుత్త రాత నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో డిమాండ్ మీడియా అనే కంపెనీ జనం ఏం వెతుకుతున్నారో కంప్యూటరుతో కనిపెట్టి, దానికి తగ్గట్టు వ్యాసాలు, వీడియోలు రోజుకు నాలుగు వేల దాకా తయారుచేయించేదని 2009లో వైర్డ్ పత్రిక రాసింది. రాసినవారికి వ్యాసానికి 15 డాలర్లు ముట్టేవి. 2011 జనవరిలో ఆ కంపెనీ షేర్లు బజారుకొచ్చినప్పుడు దాని విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీని మించిపోయింది. ఆ మురిపెం నెల రోజులే. ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకులాట పద్ధతిని మార్చింది. పాండా అని పేరుపడ్డ ఆ మార్పుతో అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు తారుమారయ్యాయి. పస లేని పేజీలను గుట్టలుగా పోసిన సైట్లు కిందికి పోయాయి. డిమాండ్ మీడియా మళ్లీ ఆ వైభవం చూడలేదు.

తర్వాత కూడా గూగుల్ అదే దారిలో నడిచింది. 2022 ఆగస్టులో మనిషికి పనికొచ్చే రాతకు పెద్దపీట వేస్తామంది. ఆ డిసెంబరులో, రాసినవారికి ఆ విషయంలో స్వయంగా అనుభవం ఉందా అన్నది కూడా చూడాలని తన పరీక్షకులకిచ్చే మార్గదర్శకాల్లో చేర్చింది. 2024 మార్చిలో మరింత గట్టిపడి, ర్యాంకు కోసమే కుప్పలుగా తయారుచేసే పేజీలను, మనిషి రాసినా యంత్రం రాసినా, నిబంధనల ఉల్లంఘనగానే లెక్కిస్తామని ప్రకటించింది. యంత్రంతో రాయించడమే తప్పని గూగుల్ ఎక్కడా అనలేదు. చదివేవాడికి ఏం ఒరిగిందన్నదే దాని ప్రశ్న. వెబ్‌సైట్ల వాళ్లు “నెలకు వంద వ్యాసాలు పెడితే గూగుల్‌లో పైకొస్తారు” అని చెబితే, నమ్మే ముందు ఈ చరిత్ర గుర్తుచేసుకోవాలి.

చూసుకోకుండా వదిలేసిన రాతతో పెద్ద కంపెనీలకే దెబ్బలు తప్పలేదు. 2023 జనవరిలో సీనెట్ అనే పేరున్న సాంకేతిక వార్తల సైట్ యంత్రంతో రాయించిన 77 వ్యాసాల్లో 41 వ్యాసాలకు సవరణలు వేసుకోవాల్సి వచ్చింది. పదివేల డాలర్లను మూడు శాతం వడ్డీకి దాచుకుంటే మొదటి ఏడాది 10,300 డాలర్లు సంపాదిస్తారని అందులో ఒకటి చెప్పింది. వచ్చే వడ్డీ 300. మన ఊళ్లో చిట్టీ కట్టే ఏ ఇల్లాలైనా పట్టేసే తప్పు. అదే ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ పర్యాటక పేజీ ఒకటి కెనడా రాజధాని ఒట్టావాలో చూడదగ్గ చోట్ల జాబితాలో పేదలకు ఆహారం పంచే ఫుడ్ బ్యాంకును చేర్చి, ఖాళీ కడుపుతో వెళ్తే మంచిదని సలహా ఇచ్చింది. గొడవయ్యాక తీసేశారు. ఆకలితో వరుసలో నిలబడేవాళ్ల గురించి అలా రాయడానికి, ఆ తలుపు ముందు ఒక్కసారి నిలబడిన ఏ మనిషికీ చేతులు రావు.

ఎయిర్ కెనడా కేసు వ్యాపారులందరికీ ఇంకా దగ్గరిది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, అయినవాళ్లు పోయిన ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. బాట్ చెప్పినదానికి తమకు పూచీ లేదని కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు. తన వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి సమాచారానికీ కంపెనీదే బాధ్యత అని చెప్పి, ప్రయాణికుడికి డబ్బు కట్టించింది.

ఏ స్టేషనుకు దగ్గర?

ఇక పుష్కరాల దగ్గరికి వద్దాం. 2015 జూలైలో పన్నెండు రోజుల పాటు గోదావరి తీరమంతా జనసంద్రమైంది. 2027లోనూ లక్షలాది కుటుంబాలు ఇంటి నుంచి కదలకముందే ఫోనులో గది వెతుక్కుంటాయి. అప్పుడు లాడ్జీ పేజీలో “రైల్వే స్టేషనుకు అతి సమీపంలో, సకల సౌకర్యాలతో” అని ఉంటే ఏం తెలుస్తుంది? రాజమండ్రిలో ఒకటి కాదు, రాజమండ్రి, గోదావరి అని రెండు స్టేషన్లున్నాయి. పుష్కర ఘాట్‌కు గోదావరి స్టేషను దగ్గర. ఆ తేడా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. నాందేడ్ నుంచో బరంపురం నుంచో ముసలి తల్లిని వెంటబెట్టుకుని తెల్లవారుజామున రైలు దిగే కొడుక్కి చెప్పాలి. ఘాట్‌కు నడిచి వెళ్లొచ్చా, లిఫ్ట్ ఉందా, మేడ మీద గదికి మెట్లెన్ని, వేడినీళ్లు ఎన్ని గంటలకొస్తాయి? ఈ నాలుగూ రాసిన లాడ్జీకి ఆ కొడుకు ముందుగా ఫోన్ చేస్తాడు.

ఊరి పేరూ అంతే. 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. జనం నోట్లో రాజమండ్రి, రాజమంద్రి. వెతికేవాళ్లు ఏ పేరుతోనైనా వెతకొచ్చు కాబట్టి పేజీలో అధికారిక పేరూ వాడుక పేరూ రెండూ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఆత్రేయపురం కోనసీమ జిల్లాలోకి, ఉప్పాడ కాకినాడ జిల్లాలోకి వెళ్లాయి. భీమవరం పశ్చిమ గోదావరికి జిల్లా కేంద్రమైంది. పాత పేజీల నుంచి ఎత్తిరాసిన వాటిలో ఇవన్నీ ఇంకా పాత జిల్లాల లెక్కలోనే ఉంటాయి. కొరియరు చిరునామా దగ్గర, కలెక్టరేటు పని దగ్గర ఆ తేడా మనిషిని తిప్పుతుంది.

కొన్నిచోట్ల తప్పు రాత తిప్పడంతో ఆగదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద పోటెత్తి ఉండగా దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత పాపికొండల పడవ ప్రయాణాలు చాలాకాలం ఆగిపోయాయి. పోలవరం పనులతో ఆ తీరమే మారిపోయింది. దేవీపట్నం వైపు ఊళ్లు నీట మునిగి, జనం వేరేచోట్లకు తరలారు. అలాంటి చోటికి ప్రయాణం అమ్మే పేజీలో “ఏడాది పొడవునా, ప్రతిరోజూ” అన్న మాట రాసే ముందు వందసార్లు ఆలోచించాలి. వరద ఉన్నప్పుడు పడవలు నడవవని, లైఫ్ జాకెట్ వేసుకోనిదే ఎక్కనివ్వరని, ఈ రోజు ఎక్కడ ఎక్కాలో ఫోన్ చేసి కనుక్కోమని రాసిన పేజీ బుకింగులు కొన్ని పోగొట్టుకుంటే పోగొట్టుకోవచ్చు. అలా రాయడమే సరైన పని.

తెలుగులో ఉన్నంత మాత్రాన

తెలుగులో రాయించామంటే సరిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. 2009 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరాన్ని మెరుగుపరచుకోవడానికి, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో ఇంగ్లిష్ వికీపీడియా వ్యాసాలను తెలుగు, తమిళం, బెంగాలీ లాంటి భాషల్లోకి దింపించింది. ఉద్దేశం మంచిదే. వచ్చిన వ్యాసాల్లో వాక్యాలు మాత్రం ఇంగ్లిష్ ఎముకలతో తెలుగు తోలు కప్పుకున్నట్టు ఉండేవి. చదివేవాడు మధ్యలోనే వదిలేసేవాడు. బెంగాలీ, తమిళ వికీపీడియన్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తెలుగులోనూ వాటిని దిద్దాలా తీసేయాలా అన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది. ఊరికే వచ్చిన రాతను బాగుచేయడానికి స్వచ్ఛంద రచయితలు పెట్టిన సమయంతో కొత్త వ్యాసాలు ఎన్ని వచ్చేవో!

ఈ నేల మాటకు కొరత ఎరగదు. నన్నయ భారతం మొదలుపెట్టింది రాజరాజ నరేంద్రుడి కోసం రాజమహేంద్రవరంలోనే. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పెట్టి, ఊళ్లో అవినీతి మీద జనానికి అర్థమయ్యే తెలుగులో విరుచుకుపడ్డారు. 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో గోదావరి ఇళ్ల మాట వినిపిస్తుంది. ఆ ఊళ్ల సరుకు గురించి “మీ యొక్క అవసరాలను తీర్చుటలో మేము ఉత్సాహపడుచున్నాము” లాంటి వాక్యాలు నెట్‌లో తిరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. గోదావరి దుకాణదారు ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఎంత ముచ్చటగా చెబుతాడు! ‘ఆయ్’ అని మొదలుపెట్టి సరుకు గుణమూ లోపమూ రెండూ చెప్పేస్తాడు. ఆ గొంతు వెబ్‌సైట్‌లోకి ఎందుకు రాకూడదు?

అడిగి రాయించుకుంటే

మంచి రచయితను పెట్టుకోవడమంటే ఏం చేయాలి? ముందు ఆయన్నో ఆవిణ్నో పని జరిగే చోటికి రానివ్వాలి. దుకాణంలో ఫోన్లెత్తే మనిషి పక్కన ఒక పూట కూర్చోనివ్వాలి. జనం ఏం అడుగుతున్నారో అక్కడే తెలుస్తుంది. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పేజీలు చాలు. చిన్న దుకాణానికి వంద పేజీల అవసరం రాదు. రాసినదాన్ని ఆ పని చేసేవాళ్లకు పైకి చదివి వినిపించాలి. రేకులు తీసే ఆవిడ “అబ్బే, మేమలా చేయం” అంటే అక్కడికక్కడే దిద్దాలి. ఈ ఒక్క అలవాటు సగం తప్పుల్ని వడకట్టేస్తుంది.

ధర ఎక్కువ పెట్టినంత మాత్రాన రాత మంచిదైపోదు. పెద్ద నగరపు ఏజెన్సీ బిల్లు కట్టి, అదే “నాణ్యతే మా ధ్యేయం” ఇంకాస్త ముస్తాబుతో తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు. అసలు ప్రశ్న ఎంతకు రాశారని కాదు, ఎవర్ని అడిగి రాశారని. అన్నీ రచయితే రాయాలనీ లేదు. ధరల పట్టిక, పని వేళలు, దారి పటం, ఫోన్ నంబరు యజమానే పెట్టుకోవచ్చు. అక్షర దోషాలు దిద్దడానికి, తెలుగులో రాసినదాన్ని హిందీలోకి, ఒడియాలోకి మార్చేటప్పుడు మొదటి ముసాయిదాకు యంత్రం సాయం తీసుకోవచ్చు. ఆ భాష తెలిసిన మనిషి చూశాకే బయటపెట్టాలి. సరుకు ఎలా తయారవుతుంది, ఎవరు చేస్తారు, ఏ పూచీ ఇస్తున్నారు అన్న మూడు చోట్ల మాత్రం ఊరు తెలిసిన మనిషి కలం తప్పనిసరి.

అలాంటి కలాలకు ఇక్కడ కరువా? రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠం ఉంది, 19వ శతాబ్దం నుంచీ నడుస్తున్న ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది. తెలుగు చదివి, ఉద్యోగం కోసం ఎదురుచూసే పిల్లలున్నారు. పత్రికల్లో మండల విలేకరులుగా చేసి, ఊరూరా పొలంగట్టు నుంచి పంచాయతీ దాకా తెలిసినవాళ్లున్నారు. వాళ్లకు ఈ పని తగిన కూలితో ఇస్తే మాట నిలబడుతుంది, మనిషీ నిలబడతాడు. మాటకు పైసల లెక్క పక్కన పెట్టి, ఒక పేజీకి తిరుగుడు, విచారణ, రాత, దిద్దుబాటు అన్నీ కలిపి ఇంత అని మాట్లాడుకోవడం ఇద్దరికీ న్యాయం.

మాట్లాడుకునేటప్పుడే ఇంకో రెండు సంగతులు కాగితం మీద పెట్టుకోవాలి. మొదటిది, ఇద్దరి హామీలు. రాసినది ఇంకెక్కడి నుంచీ ఎత్తింది కాదని రచయిత హామీ ఇవ్వాలి. ఇచ్చిన వివరాలు నిజమేనని యజమాని హామీ ఇవ్వాలి. రెండోది, ధర పెరిగినా, గది అద్దె మారినా, వరదొచ్చి పడవలు ఆగినా, ఆ రోజునే పేజీలో ఆ వాక్యం మార్చేది ఎవరో, అందుకు ఎంతిస్తారో. పుష్కరాల పన్నెండు రోజుల్లో ఘాట్ల దారులు, వాహనాలు ఆపే చోట్లు పూటపూటకూ మారొచ్చు. ఆ పూట ఫోనందుకునే మనిషి పేరు ఒప్పందంలో ముందే ఉండాలి.